కడిగిన వారానికే తొట్టి మళ్ళీ పచ్చబడుతోంది, ఏం చేయాలి?

ప్రశ్న: మాది విజయవాడ, పటమట. పెరట్లో 8 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల లోతుతో సిమెంటు తొట్టి కట్టించి ఏడాది దాటింది. పన్నెండు కోయి చేపలు, ఇరవై దాకా గోల్డ్‌ఫిష్ ఉన్నాయి. పదిహేను రోజులకోసారి నీళ్ళన్నీ తోడేసి, గోడలు చీపురుతో రుద్ది, డాబా మీద ట్యాంకు నీళ్ళతో నింపుతున్నాం. నాలుగు రోజులు తేటగా ఉంటాయి, వారం తిరిగేసరికి చేప కనపడనంత పచ్చగా అయిపోతాయి. తెల్లవారుజామున చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. పోయినసారి కడిగిన మర్నాడు ఆరు చచ్చిపోయాయి. కైకలూరులో చేపల చెరువులున్న మా బాబాయిగారు సున్నం చల్లమన్నారు. పక్కింటాయన మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్, రాగి లవణం) గుడ్డలో కట్టి వేలాడదీయమంటున్నారు. ఏది చేయాలి? ఫిల్టరు అవసరమా? దోమలు కూడా ఎక్కువయ్యాయి. శీలావతి (రోహు) చేపపిల్లలు నాలుగు వదిలితే పాచి తినేస్తాయని ఒకరన్నారు, నిజమేనా?

సమాధానం: సున్నమూ వద్దు, మైలుతుత్తమూ వద్దు. అన్నిటికంటే ముందు తొట్టి మొత్తం తోడి కడగడం ఆపండి. మీ శ్రమంతా పోతున్నది అక్కడే. ఆ ఆరు చేపలు పోయింది కూడా చాలావరకు అందువల్లే అయ్యుంటుంది.

ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. గాజు సీసాలో తొట్టి నీళ్ళు పట్టి రాత్రంతా కదపకుండా ఉంచండి. పొద్దునకి అడుగున మట్టి చేరి పైన నీళ్ళు తేరుకుంటే అది బురద. కోయిలు అడుగు తవ్వడం వల్ల వస్తుంది. పాలు కలిపినట్టు తెల్లగా ఉంటే మేత ఎక్కువై కుళ్ళి బ్యాక్టీరియా పెరిగిందన్నమాట. డికాక్షన్ రంగులో ఉన్నా అవతలి గోడ కనిపిస్తుంటే వేప, బాదం ఆకులు నానడం వల్ల వచ్చిన రంగు, ఆ రంగుతో చేపలకు పెద్దగా ప్రమాదం లేదు. పొద్దునకి కూడా పచ్చగానే ఉంటే నీళ్ళలో తేలే కంటికి కనపడని పాచి. మీరు చెప్పే లక్షణాలు ఈ చివరిదానికే సరిపోతున్నాయి. పటిక, చిల్లగింజ లాంటివి వరద నీటి బురదకు పనికొస్తాయి. పచ్చదనానికి అవి మందు కావు. పైగా పటిక ఎక్కువైతే నీటి పీహెచ్ (పులుపు, క్షారాల కొలత) ఒక్కసారిగా పడిపోతుంది.

ఈ పాచికి కావలసినవి ఎండ, ఎరువు. ఎండ సంగతి మన ఊళ్ళో చెప్పక్కర్లేదు. ఎరువు మీరే వేస్తున్నారు, మేత రూపంలో. చేప తిన్న మాంసకృత్తుల్లో చాలా భాగం అమ్మోనియాగా మారి మొప్పల గుండా నీళ్ళలోకి వస్తుంది. 100 గ్రాముల మేతకు సుమారు 3 గ్రాముల అమ్మోనియా వస్తుందని లెక్క వేసుకోవచ్చు. మీ తొట్టి 100 ఘనపుటడుగులు. ఘనపుటడుగుకు 28.3 లీటర్ల చొప్పున 2,830 లీటర్లు పడుతుంది. అంటే 100 గ్రాముల మేతతో లీటరుకు 1 మిల్లీగ్రాము అమ్మోనియా చేరినట్టే. అంత ఉంటే చేపలకు ఇబ్బందే, పాచికి మాత్రం విందు.

గోడల మీదా అడుగునా జిగురుగా ఉండే పొరలో ఈ అమ్మోనియాను తిని ముందు నైట్రైట్‌గా, తరవాత నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఉంటుంది. నైట్రేట్ చేపలకు పెద్దగా హాని చేయదు. ఈ బ్యాక్టీరియా కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మీరు రెండు వారాలకోసారి చీపురుతో దాన్నే గోకి పారేస్తున్నారు. పాచికి మాత్రం ఎక్కడో ఒక మూల మిగిలిన నాలుగు చుక్కలు చాలు, రోజుల్లో రెట్టింపవుతుంది. కడిగిన ప్రతిసారీ పోటీ లేని తొట్టిని దానికి అప్పగిస్తున్నారు.

ఇక చేపలు ఎందుకు పోయాయో చూద్దాం. కార్పొరేషన్ నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది. మూత పెట్టిన ట్యాంకులో అది పూర్తిగా ఎగిరిపోదు, మొప్పల్ని కాల్చేస్తుంది. రెండోది వేడి. వేసవి మధ్యాహ్నం డాబా మీది నల్ల ట్యాంకు నీళ్ళలో చెయ్యి పెట్టి చూస్తే మీకే తెలుస్తుంది. ఒక్కసారిగా వేడిలో బాగా తేడా వస్తే చేప తట్టుకోలేదు. మీరు ఈసారి నీళ్ళు కలిపేటప్పుడు పొద్దున్నే, చల్లగా ఉన్నప్పుడు కలపండి. ముందురోజే డ్రమ్ముల్లో పట్టి మూత తీసి ఉంచితే క్లోరిన్ చాలావరకు పోతుంది. తొందరగా కావాలంటే అక్వేరియం షాపులో యాంటీ క్లోరిన్ పేరుతో అమ్మే సోడియం థయోసల్ఫేట్ పలుకులు 1,000 లీటర్లకు 10 గ్రాములు కరిగించి పొయ్యండి. బోరు నీళ్ళయితే క్లోరిన్ ఉండదు కానీ ప్రాణవాయువు కూడా తక్కువే. పైపు చివర షవర్ బిగించి ఎత్తు నుంచి పడేలా పట్టాలి.

తెల్లవారుజామున నోళ్ళు తెరవడం వేరే సంగతి. పాచి పగలంతా ప్రాణవాయువు ఇస్తుంది, రాత్రి తానే పీల్చుకుంటుంది. తెల్లవారే వేళకి నీళ్ళలో మిగిలేది అతి తక్కువ. 20 డిగ్రీల నీళ్ళలో లీటరుకు 9 మిల్లీగ్రాముల దాకా ప్రాణవాయువు ఇమిడితే, 30 డిగ్రీల్లో ఏడున్నర దాటి ఇమడదు. అందుకే ఈ ఇబ్బంది వేసవిలో ముదురుతుంది. చచ్చినవి పెద్ద చేపలైతే గాలి చాలలేదని, చిన్నా పెద్దా కలిసి పోతే నీళ్ళలో విషం చేరిందని మొదట అనుమానించాలి. రేపే ఒక ఎయిర్ పంపు తెచ్చి, నిమిషానికి 20 నుంచి 30 లీటర్ల గాలి ఇచ్చేది, రెండు ఎయిర్ స్టోన్లతో రాత్రిళ్ళు నడపండి. మిగతా పనులన్నీ దాని తరవాతే.

మీ బాబాయిగారు చెప్పింది తప్పు కాదు, చేపల చెరువు విషయంలో. అక్కడ మట్టి అడుగు, ఎకరాల విస్తీర్ణం. శీలావతి, బొచ్చె చేపలు నీళ్ళలో తేలే ప్లవకాలను (కంటికి ఆనని సూక్ష్మజీవులను) కూడా తిని పెరుగుతాయి కాబట్టి పేడ, సూపర్ ఫాస్ఫేట్ వేసి మరీ నీళ్ళకు రంగు తెప్పిస్తారు. సున్నం ఆ పనికి తోడ్పడుతుంది, అడుగు మట్టి పులుపునూ విరుస్తుంది. మీక్కావలసింది దానికి సరిగ్గా ఎదురు. పైగా సిమెంటు తొట్టిలో పీహెచ్ అసలే ఎక్కువ, పాచి ఉన్న తొట్టిలో మధ్యాహ్నానికి ఇంకా పెరుగుతుంది. 30 డిగ్రీల నీళ్ళలో పీహెచ్ 8 ఉంటే అమ్మోనియాలో వందకు ఏడెనిమిది పాళ్ళే విషరూపంలో ఉంటాయి. అదే 9కి చేరితే నలభై అయిదు పాళ్ళు. విషం కాని అమ్మోనియాను విషంగా మార్చడానికే సున్నం చల్లినట్టవుతుంది.

మైలుతుత్తం గుంటూరు, కృష్ణా జిల్లాల్లో చాలా రైతు ఇళ్ళలో దొరుకుతుంది కాబట్టి ఈ సలహా తేలిగ్గా నోటికొస్తుంది. పాచిని చంపుతుంది, నిజమే. కానీ పాచిని చంపే మోతాదుకూ చేపను చంపే మోతాదుకూ మధ్య దూరం చాలా తక్కువ, అదీ నీటి క్షారతను బట్టి మారుతుంది. గుడ్డలో కట్టి వేలాడదీస్తే ఎంత కరిగిందో ఎవరికీ తెలియదు. సరిగ్గా పనిచేసినా చచ్చిన పాచంతా ఒకేసారి కుళ్ళి ఆ రాత్రికే ప్రాణవాయువును తినేస్తుంది. రాగి ఎటూ పోదు, అడుగు మడ్డిలో చేరి ఉండిపోతుంది. బ్లీచింగ్ పౌడర్ సంగతి ఇక అడగనే వద్దు.

ఇప్పుడు చేపల లెక్క. గోల్డ్‌ఫిష్ ఒక్కొక్కదానికి 80 నుంచి 100 లీటర్లు ఉండాలి. కోయి రెండడుగుల దాకా పెరిగే చేప, దానికి కనీసం 500 లీటర్లు, 1,000 అయితే మంచిది. మీ తొట్టిలో ఇరవై అయిదు గోల్డ్‌ఫిష్ సుఖంగా బతుకుతాయి, లేదా మూడు కోయిలు. ఆరు పోయినా మీ దగ్గర మిగిలినవి తొట్టి మోయగలిగిన దానికి ఎంతో ఎక్కువ. ఏ ఫిల్టరూ దీన్ని సరిదిద్దలేదు. కోయిలను పెద్ద తొట్టి ఉన్నవాళ్ళకో అక్వేరియం షాపుకో ఇచ్చెయ్యండి. బందరు కాలువలోనో కృష్ణలోనో మాత్రం వదలకండి, అవి ఇక్కడి చేపలు కావు.

మేత రోజుకు చేపల బరువులో నూటికి ఒకటి రెండు పాళ్ళు మించకూడదు. ఒక్కోటి 50 గ్రాములున్న గోల్డ్‌ఫిష్ ఇరవై ఉంటే మొత్తం కిలో, అంటే రోజుకు 10 నుంచి 20 గ్రాములు. తేలే గుళికలే వెయ్యండి, మిగిలింది కనపడుతుంది. మూడు నాలుగు నిమిషాల్లో తినలేనిది జల్లెడతో తీసెయ్యండి. పొద్దున ఏడున్నర ఎనిమిదికి ఒకసారి, కావాలంటే సాయంత్రం అయిదు లోపు ఇంకోసారి. చేపలు నోళ్ళు తెరుస్తున్న పొద్దుట అసలు వెయ్యకండి. మరమరాలు, అన్నం, ఇడ్లీ ముక్కలు, తవుడు మానెయ్యండి. ఇంటికొచ్చిన చుట్టాల పిల్లలు సరదాకి వేసే గుప్పెడు మరమరాలు మీ వారం కష్టాన్ని పాడుచేస్తాయి. వాళ్ళ చేతికి నాలుగు గుళికలే ఇవ్వండి.

ఫిల్టరు కావాలి. రెడీమేడ్‌వి దొరుకుతాయి కానీ ఈ తొట్టికి 200 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ముతో ప్లంబరు చేసిపెట్టేదే మేలని మా అభిప్రాయం. రసాయనాలు, పురుగుమందులు పట్టిన డ్రమ్ము కాకుండా తిండి సరుకు వచ్చిన డ్రమ్ము చూసుకోండి. తొట్టి గట్టు పక్కనే, అవుట్‌లెట్ గొట్టం నీటిమట్టానికి అడుగు ఎత్తున ఉండేలా దిమ్మ మీద నిలబెట్టండి. డ్రమ్ము అడుగున ఒకటిన్నర అంగుళాల బాల్ వాల్వు, మడ్డి వదలడానికి. పంపు నుంచి వచ్చే అంగుళం గొట్టం కిందినుంచే లోపలికి వెళ్ళాలి. లోపల ఒక ఎల్బో బిగించి గోడ వెంబడి తిప్పితే నీళ్ళు సుడి తిరిగి బరువైన మడ్డి అడుగునే దిగుతుంది. అడుగు నుంచి ఎనిమిది అంగుళాల ఎత్తులో ప్లాస్టిక్ క్రేటు కోసి జల్లెడగా అమర్చండి. దానిపైన వరసగా నైలాన్ వల ముద్దలు, రెండంగుళాల ముతక స్పాంజి షీట్లు రెండు, ఆపైన బ్యాక్టీరియా నివసించడానికి ఏదైనా గరుకు సరుకు. గిన్నెలు తోమే ప్లాస్టిక్ పీచులు ఓ వంద, లేదా కరెంటు వైరింగుకు వాడే ముడతల గొట్టం అంగుళం ముక్కలుగా కోసినవి ఒక బస్తా. సబ్బు కలిసిన పీచులు కొనకండి. ఇటుక ముక్కలు నాని పొడి అవుతాయి, కంకర బరువే తప్ప లాభం తక్కువ.

పైన అవుట్‌లెట్ తప్పనిసరిగా రెండంగుళాలు ఉండాలి. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. లోపలికి నీళ్ళు పంపు ఒత్తిడితో వస్తాయి, బయటికి మాత్రం వాటంతటవే జారాలి. రెండూ అంగుళమే పెడితే స్పాంజి కాస్త మూసుకోగానే డ్రమ్ము పొంగి, రాత్రికి రాత్రి తొట్టి ఎండిపోతుంది. అందుకే పంపును కూడా అడుగున పడెయ్యకుండా, నీటిమట్టానికి అడుగున్నర కిందే నీళ్ళు తీసుకునేలా ఇటుకల మీద పెట్టండి. ఏం జరిగినా కింద ఒక అడుగు నీళ్ళు మిగులుతాయి. పంపు చుట్టూ కూరగాయల ప్లాస్టిక్ బుట్ట బోర్లించండి, లేకపోతే చిన్న చేపలు అతుక్కుపోతాయి. పంపు ఒక చివర, నీళ్ళు పడేది రెండో చివర.

పంపు ఎంతది? రెండు గంటలకోసారి తొట్టి నీళ్ళన్నీ ఫిల్టరు గుండా వెళ్ళాలి, అంటే గంటకు 1,400 లీటర్లు. అట్టపెట్టె మీద వేసే అంకె ఎత్తు సున్నా ఉన్నప్పటిది. డ్రమ్ములోకి ఎక్కించేసరికి సగం కూడా రాకపోవచ్చు. గంటకు 3,000 లీటర్లది తీసుకోండి. 50 వాట్ల పంపు ఇరవై నాలుగు గంటలూ నడిస్తే నెలకు 36 యూనిట్లు. కరెంటు ఆదా అని రాత్రి ఆపితే మొత్తం పని చెడుతుంది. నీళ్ళు కదలకపోతే డ్రమ్ములో బ్యాక్టీరియా గాలాడక చస్తుంది. కొన్ని గంటలు కరెంటు పోయినా, వచ్చాక డ్రమ్ము వాల్వు తిప్పి ఆ మురుగు నీళ్ళు వదిలేశాకే పంపు వెయ్యండి. ఇన్వర్టరు ఉంటే ఎయిర్ పంపును దానికి కలపండి. పంపు లైనుకు 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే దానంతటదే ఆపే స్విచ్) పెట్టించడం మాత్రం వాయిదా వెయ్యొద్దు, వైరు అతుకు నీళ్ళలో ఉండకూడదు, తొట్టిలో చెయ్యి పెట్టే ముందు స్విచ్ ఆపాలి.

ఫిల్టరు పెట్టిన మర్నాడే తేట నీళ్ళు రావు. తెలిసినవాళ్ళ అక్వేరియం ఫిల్టరు నుంచి మురికి స్పాంజి ముక్క ఒకటి తెచ్చి డ్రమ్ములో వేస్తే కాస్త త్వరగా కుదురుతుంది. ఆ నెలా నెలన్నరా ప్రతి మూడో రోజు 300 లీటర్లు తీసి కొత్తవి కలపండి. అమ్మోనియా, నైట్రైట్, పీహెచ్ చూసే డ్రాప్ కిట్లు అక్వేరియం షాపుల్లో ఉంటాయి, అవి కొనండి. అమ్మోనియా లీటరుకు అర మిల్లీగ్రాము దాటితే రెండు రోజులు మేత ఆపి 600 లీటర్లు మార్చండి. చేపలు ఆకలికి చావవు. నైట్రైట్ కనపడితే 1,000 లీటర్లకు కిలో చొప్పున, మీకు 2.8 కిలోల కళ్ళుప్పు, అయోడిన్ లేనిది, బకెట్లో కరిగించి రెండు రోజుల్లో కొంచెం కొంచెంగా పొయ్యండి. తేలే మొక్కలుంటే ముందే వేరే టబ్బులోకి మార్చండి. ఆ ఉప్పు ఆవిరితో పోదు, నీళ్ళు మార్చినప్పుడే తగ్గుతుంది, కాబట్టి మళ్ళీ మళ్ళీ వెయ్యకూడదు.

స్పాంజి నెలకోసారి కడగండి, అదీ బకెట్లో తీసుకున్న తొట్టి నీళ్ళతోనే, నల్లని మడ్డి వదిలేవరకు పిండితే చాలు. కుళాయి కింద పెడితే క్లోరిన్‌తో బ్యాక్టీరియా పోయి మళ్ళీ మొదటికొస్తారు. రెండు షీట్లూ ఒకే రోజు కడగకండి. పైన ఉన్న పీచుల జోలికి ఆరు నెలల దాకా వెళ్ళక్కర్లేదు.

పచ్చదనం మీద అసలు పని నీడది. నీటి ఉపరితలంలో సగానికి పైగా ఆకులతో కప్పండి. కలువ ఉత్తమం. కుండీలో ఒండ్రుమట్టి నింపి పైన అంగుళం మందాన కంకర పరిస్తే చేపలు తవ్వలేవు. పేడ, ఎరువు కలిపిన మట్టి వద్దు. అంతరతామర నీళ్ళలోని ఎరువును గట్టిగా లాగేస్తుంది, తేలే గొట్టం రింగులో పెంచుకోండి. అయితే మొక్క తిన్న ఎరువు దాన్ని మీరు బయటికి తీసినప్పుడే పోతుంది. వారానికి పావు వంతు తీసి కంపోస్టులో వెయ్యండి. గుర్రపుడెక్క కూడా ఇదే పని చేస్తుంది కానీ మా ఓటు దానికి లేదు. మన కాలువల్లో ఎలా అల్లుకుపోతోందో రోజూ చూస్తున్నదే, పెరటి నుంచి ఒక్క పిలక కూడా కాలవకు చేరకూడదు. మొక్కలు పట్టేదాకా, ఎలాగూ ఏప్రిల్ నుంచి రోహిణి కార్తె వెళ్ళేవరకు, పడమటి వైపు నుంచి 50 శాతం షేడ్ నెట్ కట్టండి.

ఇవన్నీ చేశాక రెండు నెలలకీ పచ్చదనం పోకపోతేనే యూవీ (అతినీలలోహిత కిరణాల) లైటు. 11 నుంచి 18 వాట్లది, ఫిల్టరు నుంచి తొట్టిలోకి వచ్చే గొట్టంలో బిగించాలి. నీళ్ళు తేటపడటం చూసి మురిసిపోతారు, కానీ అది రంగు తీస్తుంది, అమ్మోనియా తీయదు. బల్బు వెలుగుతున్నా ఏడాది తిరిగేసరికి బలం తగ్గుతుంది, మార్చాలి. వెలిగే బల్బును కంటితో చూడకండి.

నీళ్ళు తేరుకున్నాక దారాల్లాంటి పాచి రావచ్చు, వెలుతురు అడుగు దాకా వెళ్ళడం మొదలైందన్నమాట. గరుకు కర్రకు చుట్టి లాగెయ్యండి. గోడల మీద మెత్తగా కూర్చున్న పచ్చ పొరను మాత్రం వదిలెయ్యండి.

ఆ తరవాత వారానికి ఒక గంట పని చాలు. అంగుళం గొట్టంతో అడుగు మడ్డిని సైఫన్ చేస్తూ 300 నుంచి 400 లీటర్లు తీసి కరివేపాకుకీ మల్లెకీ పోయండి, మంచి ఎరువు. ఎండాకాలం ఆవిరైన మేరకు కలుపుతూ పోతే సరిపోదు. నీళ్ళు ఆవిరవుతాయి, ఉప్పులు మిగులుతాయి, బోరు నీళ్ళతో ఇది మరీ తొందరగా జరుగుతుంది. మాఘం నుంచి చైత్రం దాకా వేప, బాదం ఆకులు రాలేటప్పుడు పైన వల కట్టండి, కొంగ, లకుముకి పిట్టల బెడద కూడా తీరుతుంది. వానాకాలానికి ముందే గట్టు నేలకు ఆరంగుళాలు ఎత్తు ఉందో లేదో, పొంగే గొట్టానికి జాలీ ఉందో లేదో చూసుకోండి. డాబా మీది తొలి వాన నీళ్ళు తొట్టిలోకి మళ్ళించకండి.

శీలావతి మాట: వద్దు. ఏడాదిలో కిలోకు చేరగల చేప, పాచి తినడం కంటే మీ తొట్టిని ఇంకా మురికి చేయడమే ఎక్కువ. దోమ పిల్లల్ని గోల్డ్‌ఫిష్ కూడా తింటాయి, నీళ్ళు కదులుతుంటే దోమ గుడ్లు పెట్టడం తగ్గుతుంది. కలువ ఆకుల సందుల్లోకి దూరగలిగేవి గప్పీలు, ఓ పది వదలండి. కొన్నిటిని పెద్ద చేపలు మింగేస్తాయి, మిగిలినవి పిల్లల్ని పెట్టి లెక్క సరిచేస్తాయి. తొట్టి ఇంత చూసుకున్నా దోమలు తగ్గకపోతే పెరట్లోని పూలకుండీల కింది పళ్ళేలు, మీరు క్లోరిన్ పోవడానికి మూత తీసి ఉంచిన ఆ డ్రమ్ములు వెతకండి. డ్రమ్ము మీద రాత్రిళ్ళు పాత పంచె కట్టి ఉంచితే సరి, గాలి ఆడుతుంది, దోమ దూరదు.